క్రాండల్ గారి టర్కీ కోడి కేసు

లెమ్యుయెల్ క్రాండల్ గారికి ఎవరైనా "కాదు" అంటే చాలదు. ఎందుకు కాదో కాగితం మీద రాసివ్వాలి, లేకపోతే అప్పీలే. చర్చి బృందగానంలోంచి తప్పిస్తే అప్పీలు, లైబ్రరీలో దగ్గొద్దంటే అప్పీలు. డారీన్ నడిపే హోటల్లో 'ఆపిల్ పై' అనే తీపి వంటకం ముక్క చిన్నదైతే వేలెత్తి "అప్పీలు!" అనేవారు. ఆమె విసుక్కుంటూనే ఇంకో ముక్క వేసేది.

ఆయన పని పియానోలు శ్రుతి చేయడం. నేను కౌంటీ కోర్టులో గుమాస్తాని కాబట్టి ఆయన కాగితాలన్నీ నా నెత్తినే పడేవి.

ఆ రోజుల్లో మా రాష్ట్రంలో కోటు లోపల పిస్తోలు పెట్టుకుని తిరగాలంటే జడ్జి లైసెన్సు ఇవ్వాలి. నలుగురు ఊరివాళ్లు "ఈయన మంచివాడు" అని సంతకం చేయాలి. పైగా మామూలు జనానికి లేని ప్రత్యేక అవసరమేదో చూపించాలి. మా జడ్జి ఆస్మండ్ గారికి కారణాలు రాసే ఓపిక లేదు. "అవసరం చూపలేదు" అన్న ఎర్ర ముద్ర ఒకటి చేయించి నా చేతికిచ్చారు.

డారీన్ పెట్టుకున్న దరఖాస్తుకీ ఆ ముద్రే పడింది. జైల్లో ఉన్న ఆమె మాజీ మొగుడు "బయటికొచ్చాక నీ అంతు చూస్తా" అని ఉత్తరాలు రాస్తున్నాడు. వకీలును పెట్టుకునే స్తోమత లేక ఏడ్చి ఊరుకుంది. ముద్ర కొట్టిన చెయ్యి నాదే.

ఆ మరుసటి వారమే క్రాండల్ గారు దరఖాస్తు పెట్టారు.

"మీకొచ్చిన ఆపదేమిటండీ?" అన్నారు జడ్జి.

"పక్కింటి టర్కీ కోడి నన్ను గుర్రుగా చూస్తోందండీ."

"కోడి మీదికి పిస్తోలా?"

"దాన్ని మీరు చూళ్లేదు."

ముద్ర పడింది.

"ఏం చూపిస్తే అవసరమవుతుందో రాసివ్వండి మరి."

"రాయను."

"అయితే అప్పీలు!"

నాలుగేళ్లు ఇదే తంతు. మధ్యలో టర్కీ కోడి చచ్చిపోతే దాని కొడుకు మీద రాశారు. ముసలాయనకి తుపాకీ పిచ్చి పట్టిందని ఊరంతా నవ్వుకుంది. జూలై నాలుగున, స్వాతంత్ర్య దినమని అందరూ బాణసంచా కాలుస్తుంటే ఆయన నేలమాళిగలో దూరేవారు. అక్కడా అప్పీళ్లే రాస్తున్నారనుకున్నాం.

ఒకసారి కసిరాను. "మీ పుణ్యమా అని నా టైపు మిషను అరిగిపోతోందండీ!"

"అరగడం కాదమ్మా, శ్రుతి తప్పింది. ఉండు, చూస్తాను" అన్నారు.

ఐదో ఏట పై కోర్టు మొట్టికాయ వేసింది. ముద్ర కారణం కాదు, కారణం రాయమంది. జడ్జి పళ్లు నూరుకుంటూ రెండు పేజీలు రాశారు. ఫలానా మనిషి బెదిరించినట్టు రుజువుంటే, ఉత్తరమైనా సరే, అది అవసరమే. టర్కీ కోడి ఉత్తరాలు రాయదు గనుక ఈ దరఖాస్తు కొట్టివేయడమైనది.

ఓడిన మనిషి పెళ్లికొడుకులా వెలిగిపోతూ నా దగ్గరికొచ్చారు. "దీనికో నకలు ఇవ్వమ్మా."

మర్నాడు ఆ నకలు డారీన్ కొత్త దరఖాస్తుకు పిన్ను కొట్టి నా బల్ల మీదికొచ్చింది. కింద ఆ పాత ఉత్తరాలు. మాజీ మొగుడు వచ్చే నెల విడుదల. నాలుగు సంతకాల్లో మొదటిది క్రాండల్ గారిది. నాకు సిగ్గేసింది. జడ్జి మాత్రం తన రాతకు తానే కట్టుబడక తప్పలేదు. లైసెన్సు మీద సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం హోటల్లో క్రాండల్ గారిని అడిగాను. "మీరూ మళ్లీ దరఖాస్తు పెట్టుకోకూడదూ?"

"నాకెందుకమ్మా! పిస్తోలు చప్పుడంటేనే నాకు హడలు. జూలై నాలుగొస్తే చెవులకి దిండ్లు కట్టుకుని కూర్చుంటాను."

డారీన్ మొత్తం ఆపిల్ పై తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇంతా? తినలేను. అప్పీలు!"

"కొట్టేశాను."

"కారణం రాసివ్వు."

ఆమె కాగితపు రుమాలు లాగి రాసింది: "ఈయన మంచివాడు. ఇట్లు, డారీన్."

ఆయన రెండుసార్లు చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో దాచుకున్నారు. దానికి ఏ జడ్జి లైసెన్సూ అక్కర్లేకపోయింది.