గోడ మీది గుమ్మడికాయ

మా పక్కింటి పెద్దమ్మ ఈ మధ్యే పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన ఆమె కూతురు గోడవతల నిలబడి ఆ మాట చెప్పి ఏడ్చింది. గంట తిరగకుండానే కాలనీ ఫోన్ గ్రూపులో సెక్రటరీగారు, ‘మన గల్లీకంతా అమ్మలాంటి మనిషి’ అని రాశారు. కింద వరసగా దండాలు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

పెద్దమ్మది శ్రీకాకుళం వైపు. భర్త రైల్వే ఉద్యోగంతో నేరేడ్‌మెట్ వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన పోయాక ఆమెకు పెరడే లోకం. బీర, బెండ, తోటకూర, గోడ నిండా గుమ్మడి పాదు. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టకూడదని ఆమె పట్టింపు. కాయ తెంపినప్పుడల్లా గోడ మీద పెట్టి నన్ను పిలిచేది. నేను ఒక వేటు వేసి ఇస్తే, సాయంత్రానికి గిన్నెడు దప్పళం గోడ దాటి మా ఇంటికి వచ్చేది. ఇదేం పట్టింపని ఆట పట్టిస్తే, “కారణం నాకేటి తెలుసు బాబూ? మా అమ్మ కొయ్యలేదు, నేనూ కొయ్యను” అనేది.

కరోనా వేసవిలో మోండా మార్కెట్‌కు పోయే దారి లేదు, గల్లీలోకి తోపుడు బండ్లు రావు. పెద్దమ్మ పొద్దున్నే మాస్కు కట్టుకుని గేటుగేటుకూ కూరల సంచి తగిలించి వచ్చేది. పసిపిల్లలున్న ఇంటికి లేత బీరకాయలు. సెక్రటరీగారింట్లో అయితే ఇంకో గుమ్మడికాయ అడిగి తీసుకుని మరీ తిన్నారు.

తర్వాత ఆమెకు జ్వరం వచ్చింది. కరోనా అని తేలింది. ఆ సాయంత్రమే సంచులన్నీ గల్లీ చివర చెత్తలో పడ్డాయి. సెక్రటరీగారు తన గేటు దగ్గరి గుమ్మడికాయను పొడుగాటి కర్రతో దొర్లించుకుంటూ పోయి మురికి మోరీలో తోశారు. పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. అంతటితో ఆగలేదు ఆయన. మా గేటు ముందుకొచ్చి, “ఆమె పాదు గోడ దాటి గల్లీలకొస్తుంది సార్. జెర పీకేయమని చెప్పండ్రి” అన్నారు. పీకాలంటే ముందు నన్ను దాటి పొమ్మన్నాను. ఒక్క ఇంటివాళ్ళయినా ఆమెకు గ్లాసెడు గంజి ఇచ్చారా? మా ఆవిడ గోడ మీద పెట్టిన క్యారేజీయే దిక్కయింది.

లేచి తిరిగాక పెద్దమ్మ అన్నది ఒకే మాట.

“నన్ను చూసి భయపడ్డారు, సరే. కాయేటి చేసింది బాబూ?”

మరుసటేడు మళ్ళీ అవే గేట్లకు సంచులు తగిలించింది. వీళ్ళకెందుకు పెద్దమ్మా అని నేను అరిస్తే, ఒక్కదాన్ని ఎన్ని తింటానని నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే.

దినం అయిన మర్నాడు కూతురు ఒక పెద్ద గుమ్మడికాయ తెచ్చి గోడ మీద పెట్టింది. ఆసుపత్రికి వెళ్తూ అమ్మ చెప్పిందట, బాబు చేత కోయించి గల్లీలో అందరికీ తలో ముక్కా పంపమని. ఆ ‘అందరికీ’ నాకు మింగుడు పడలేదు. కత్తి తెచ్చాను గానీ, సెక్రటరీకి మాత్రం చస్తే ఇవ్వనన్నాను. మా ఆవిడ, ఆ కూతురు కలిసి కాయను నా ముందుకు జరిపారు. చివరికి పళ్ళు బిగించి వేటు వేశాను.

గేటుగేటుకూ ముక్కలు ఇస్తూ వెళ్తే, సెక్రటరీగారు గేటు తీసి ఎదురొచ్చారు. ముక్కను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ కర్ర పట్టిన చేతులే అవి. నేను ఆయన ముఖం చూడలేదు. తడి గింజలు ఆయన వేళ్ళ సందుల్లోంచి ఒక్కొక్కటే జారి గేటు ముందు పడుతున్నాయి.