లోపల పెట్టిన బొట్టు

మొన్న ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇవ్వబోతూ నర్సు నా చేతికి స్పిరిట్ దూది రాసింది. ఆ చల్లటి వాసన తగలగానే సుభద్ర మేడం గుర్తొచ్చారు, వెంటనే ఒళ్ళు మండిపోయింది. మేడం మీద కాదు లెండి.

డెబ్బైల చివర్లో విజయవాడలో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆవిడ ఫిజిక్సు లెక్చరర్, నేను ఆవిడ కింద డిమాన్‌స్ట్రేటర్ని. బరువైన అయాన్లను తోసి వేగం పెంచే యంత్రం కట్టాలని ఉత్తరాదిలో ఒక ప్రయోగశాల తలపెట్టింది. అందులో వరసగా బిందెలంతేసి బోలు రాగి గదులుంటాయి. వాటి లోపల సీసం పూత పూసి, ద్రవ హీలియంతో చల్లబరిస్తే కరెంటు దాదాపు అడ్డన్నది లేకుండా పారుతుంది. నమూనాకు ఒక గది చేసిస్తానని మేడం ఒప్పుకుని, ఆటోనగర్‌లో లారీ భాగాలు చేసే లేతు మీద దాన్ని చేయించారు. లోపలి గాలంతా తోడేశాక మళ్ళీ పిసరంత కూడా చొరబడకూడదు. అతుకుల మీద స్పిరిట్ అద్దుతూ, లోపల ఇంకా ఎంత గాలి మిగిలిందో చూపే గేజి ముల్లు చూసేవాళ్ళం. ముల్లు ఎక్కడ ఉలిక్కిపడితే అక్కడ కన్నమున్నట్టు. జిడ్డయినా తడయినా లోపల ఆవిరవుతూ ఉంటే ముల్లు దిగదని, లోపలి వైపు వట్టి చేత్తో ముట్టుకోనిచ్చేవారు కాదు.

"గాజులు తీసి తొడుగులేసుకోవే. దీని కొంప ముంచడానికి నీ వేలి జిడ్డు చాలు" అనేవారు.

పరీక్ష చూడటానికి ప్రయోగశాల నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ముల్లు కిందికి దిగితేనే గది తీసుకెళతారు. లేదంటే మా శ్రమంతా పాత సామాన్ల కొట్టు పాలే. మా కాలేజీని నడిపే కరస్పాండెంటు గారు ఫొటోగ్రాఫరుతో సహా దిగబడి కొబ్బరికాయ కొట్టారు. అతిథికి చూపించడానికి మూత తీసి ఉంచాం. "బయట పెట్టండి సార్, బయట!" అని మేడం అంటూనే ఉన్నారు.

"బయటే పెడితే శుభం లోపలికెలా పోతుందమ్మా?" అంటూ ఆయన పసుపు కుంకుమల వేలు లోపలికి పోనిచ్చి బొట్టు పెట్టేశారు. మేడం తుడవబోతే "పెట్టిన బొట్టు చెరిపేస్తారా?" అని కసిరి, దగ్గరుండి మూత బిగింపించారు.

ముల్లు దిగలేదు. దిగుతుందా?

"ఆడాళ్ళ చేతికిస్తే ఇంతేనండీ" అన్నారాయన అతిథితో, నవ్వుతూ.

మేడం బోల్టులు విప్పి లోపలికి టార్చి వేశారు. "చూడండి సార్, ఇదెవరి వేలో" అన్నారు అతిథితో.

"పసుపు కుంకుమలకే వంక పెడతారా?" కరస్పాండెంటు గారి గొంతు లేచింది.

"నా మొహాన పెట్టుకుంటే నాకు కళండీ. దీని కడుపులో పెడితే దీనికి రోగం."

అతిథి నవ్వాపుకుంటూ తన ప్రయాణం మర్నాటికి మార్చుకున్నారు. మేమిద్దరం గదిని కడిగి, తుడిచి, ఆరబెట్టాం. మర్నాడు ముల్లు దిగింది. గది రైలెక్కింది. పూతనీ చలినీ తట్టుకుని చక్కగా పనిచేసిందని తర్వాత కబురొచ్చింది.

మరి కాలేజీ పత్రికలో అచ్చయిందేమిటి? కరస్పాండెంటు గారు బొట్టు పెడుతున్న ఫొటో! కింద "వారి హస్తవాసి" అని ఒక ముక్క. మేడం పేరు భూతద్దం పెట్టి వెతికినా లేదు.

"పోనీవే, పని జరిగింది కదా" అన్నారు మేడం.

"ఎలా పోనిమ్మంటారండీ? చెడగొట్టింది ఆ చెయ్యే కదా!"

"నీకు నోరెక్కువ" అని నవ్వేసి క్లాసుకి వెళ్ళిపోయారు.

ఆవిడ నేర్పినవన్నీ ఇవాళ్టికీ తు.చ. తప్పకుండా పాటిస్తాను, ఈ ఒక్కటి తప్ప. ఆ గది చేసింది సుభద్ర మేడం. ఆవిడ పోనిమ్మన్నారు. నేను పోనివ్వను.