లీలావతి రెండో గుండు

మా ఆళ్లగడ్డ లీలావతక్కది పుట్టుకతో వచ్చిన రింగుల జుట్టు. ఎంత నూనె పెట్టి బిగించి జడేసినా, మా బస్సు నంద్యాల చేరేసరికి చెవుల పక్కన లేచి నిలబడేది. మేమిద్దరం అక్కడ ఒకే బట్టల షాపులో పనిచేస్తాం. ఆమెది పెళ్లిచీరల కౌంటరు. సావుకారు శేషయ్య ఆమె చీర ఎంత ఒడుపుగా పరుస్తుందో ఒక్కనాడూ చూడలేదు. మహానుభావుడి చూపంతా ఆమె తల మీదే.

"ఏందమ్మా ఆ తల? పెండ్లోళ్లు వచ్చే తావు ఇది. సాపు చేపిచ్చుకో, లేకుంటే పని ఇడ్సిపెట్టు" అన్నాడొకరోజు.

రింగులు పోయి జుట్టు సాపుగా నిలిచే మందు పెట్టించుకుంటే మాడంతా బొబ్బలెక్కింది. అప్పుడు వాళ్లమ్మ సరస్వతమ్మ, "అహోబిలం పోయి గుండు కొట్టిచ్చుకో మే. మల్లా సాపుగా మొలుస్తాది" అని చెప్పింది. మా వైపు అందరూ నమ్మే మాటే అది. నేనూ నమ్మాను.

గుండుతో వచ్చిన ఆమెను శేషయ్య ఒక్క మాట అనలేదు. దేవుడికిచ్చిన తలను ఎవరంటారు? పెళ్లివాళ్లు కూడా "స్వామి మొక్కా తల్లీ" అంటూ ఆమె దగ్గరే చీరలు తీసుకున్నారు. ఆ కొన్ని నెలలే అక్క నిమ్మళంగా పనిచేసింది. తర్వాత జుట్టు మొలిచింది. మళ్లీ రింగులే. శేషయ్య పాత పాటే ఎత్తుకున్నాడు.

అన్నం తినేటప్పుడు ఫోనులో చదివింది చెప్పాను. "అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చట్టం చేసినారంటక్కా. పుట్టిన జుట్టును చూసి పనిలోంచి తీసేయగూడదంట."

"అది ఈడికొచ్చేలోపల నా జుట్టు నెరిసిపోతాదిలే పాపా" అంది. శేషయ్య మీద నాకు ఒళ్లు మండింది. ఆమెకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

మొన్న సెలవురోజు మళ్లీ అహోబిలం పోయాం. సాపుగా మొలుస్తుందన్న ఆశ ఈసారి లేదు. గుండుంటే నోళ్లు మూతపడతాయి, పని నిలబడుతుంది, అంతే.

కల్యాణకట్టలో గుండు కొట్టే పెద్దాయన ఆమె తల తడుపుతూ ఆగాడు. "ఇంత మంచి జుట్టు తల్లీ! ఆడోళ్లకు మూడు కత్తెర్లు సాలు గదా. గుండే అంటాండావు, ఎవరికి బాగలేదు?"

"మా సావుకారికి నాయనా."

"ఏమైంది పాపం?"

"కండ్ల జబ్బు."

పెద్దాయన నిజమే అనుకున్నాడు. "స్వామి నయం చేస్తాడులే" అని కత్తి పెట్టాడు. నేను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. అక్క తల వంచుకుని, ఒడిలో రాలిన రింగులను ఒక్కొక్కటే వేలితో నిమురుతూ ఉంది.