ఫైటర్ చేపకు ఒక షిఫ్ట్

మా ఫైటర్ చేప తొట్టికి వారం తిరక్కుండానే పచ్చగా పాచి పట్టేది. బ్రష్ పెట్టి రుద్దేది నేను, కారణం మా బాపు. శ్రీరాంపూర్‌లో బొగ్గు బాయి దిగీ దిగీ రిటైరైన మనిషి, తొట్టి మీది లైటు ఆర్పనిచ్చేవాడు కాదు.

"చీకట్ల పనిజేసుడు ఎట్లుంటదో నీకేమెరుక?" అనేవాడు.

వెలుగు ఎక్కువైతే పాచి పెరుగుతుందని ఎంత చెప్పినా వినలేదు. చివరికి విసిగిపోయి, "ఎనిమిది గంటలు చాలు బాపూ, ఒక షిఫ్ట్ అనుకో" అన్నాను. షిఫ్ట్ అనేసరికి మెత్తబడ్డాడు. మర్నాటి నుంచి పొద్దున బాయి సైరన్ మోగగానే లైటు వేసి, మధ్యాహ్నం సైరన్‌కు ఆర్పేవాడు. కొన్నాళ్లకే అద్దం తళతళలాడింది. గెలిచాననుకున్నాను.

అంతలోనే నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. సోమవారం సోమవారం తొట్టి అడుగున తినకుండా మిగిలిన మేత కనిపించేది. ఒక ఆదివారం కాపు కాస్తే, రోజూ వేసేదానికి రెండింతలు వేస్తూ బాపు దొరికాడు.

"గంత మేత ఎందుకు బాపూ? దాంతోనే పాచి పడుతుంది!"

"ఆదివారం డ్యూటీ చేస్తే బాయిల మాకు డబల్ జీతం ఇచ్చేటోళ్లు. దీనికి ఇయ్యొద్దా?"

బ్రష్ అందుకున్నాను. నా ఆదివారం డ్యూటీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.