ఇసుక కుప్ప మీద చక్రాల పరీక్ష

రేపు పొద్దున్నే బాపట్ల రైలు. సూర్యలంక తీరంలో చేపలు పట్టడానికి మా బావ, నేను వెళ్తున్నాం. గాలాలు, ఐసు పెట్టె మోసే బండిని నేనే ఇనుప గొట్టాలతో తయారు చేశాను. పోయినసారి దాని చిన్న చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. సామానంతా భుజాన మోసిన బావకు నడుం పట్టేసింది. "చక్రాలు మార్చకుంటే నేను రాను పో" అనేశాడు.

పొద్దున్నుంచి నాకు కాలు నిలవలేదు. కోఠి, నారాయణగూడ తిరిగి గాలి నింపే వెడల్పాటి చక్రాలు రెండు కొని బిగించాను. అయినా నమ్మకం కుదరలేదు. అశోక్‌నగర్‌లో మా వీధి చివర ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. దాని ముందున్న ఇసుక కుప్ప మీదికి, బరువు కోసం నీళ్ల క్యాన్ పెట్టి మరీ బండిని తోశాను. మళ్లీ కూరుకుపోయింది!

అక్కడ ఇసుక జల్లిస్తున్న పాలమూరు ఆమె లేచి వచ్చి చక్రం నొక్కి చూసింది.

"గాలి ఫుల్లు కొట్టినవన్నా. జర తీయ్, మెత్తగుంటే దిగబడది."

సగం గాలి తీశాను. బండి కుప్ప మీద హాయిగా నడిచింది.

"దీని మీద ఏం మోస్తవ్?" అని అడిగింది ఆమె.

"సముద్రంల పట్టిన చేపలు" అన్నాను గర్వంగా.

"పోయినసారి ఎన్ని దొరికినయ్?"

"ఒక్కటి కూడా దొరకలే అక్కా."

"మరి గింత పెద్ద బండెందుకన్నా!" అని జల్లెడ పక్కన పెట్టి మరీ నవ్వింది.

సాయంత్రం నుంచి ఇప్పటికి నాలుగుసార్లు చక్రాలు నొక్కి చూశాను. తీరంలో చేపలు పట్టే అలవాటున్నవాళ్లు గాలి ఎంత ఉంచాలో చెప్పండి. ఆమె ప్రశ్నకు జవాబు తెలిస్తే అది కూడా చెప్పండి.