అమ్మ అడ్డం పెట్టిన దోటి

మా చిన్నప్పుడు గొర్రెల మందకు ముందర ఆడమనిషి నడవకూడదు... వెనక నడవచ్చు, గొర్రెపిల్లల్ని గంపల కింద మూసి కాపాడచ్చు, పెంటికలు ఊడ్చచ్చు. ముందర మాత్రం దోటి పట్టుకున్న మగవాడే నడవాలి. దోటి అంటే కొమ్మలు వంచడానికి కొనకు కొడవలి కట్టిన పొడుగు వెదురు. అది మా అమ్మ చేతికి మొదటిసారి వచ్చిన రోజు తలుచుకుంటే, నా అరచెయ్యి ఇప్పటికీ నొప్పి పెడుతుంది.

రాజపాళయం పక్కన, సత్రపట్టి దారిలో మా ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం... గొర్రెలతో ఏ భాషా అక్కర్లేదు, నాలుక టక్కుమనిపిస్తే చాలు.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. బీళ్ళలో గడ్డిపోచ లేదు. నూరుకు పైగా గొర్రెలు, డొక్కలు లోపలికి పోయి, నడిచే ఓపిక లేక నిలబడిపోయేవి. నాయన జ్వరంతో మంచం పట్టాడు. మందను చిన్నాయన తోలుతున్నాడు. అమ్మేమో ఎండాకాలం పొడుగునా తుమ్మచెట్ల కింద రాలిన కాయలు ఏరి, ఎండబెట్టి, మూటలు కట్టి అటక ఎక్కించింది. "వదినె కాయల అంగడి పెట్టేటట్టుంది!" అని చిన్నాయన ఎగతాళి, మందకు వాటిని వెయ్యనిచ్చేవాడు కాదు. అమ్మ మూతి తిప్పుకుని ఇంకో మూట కట్టేది.

అప్పుడు ఒక్క జల్లు పడింది... ఒక్కటంటే ఒక్కటే! ఎండిపోయిన జొన్న మోళ్ళకు పచ్చగా పిలకలు లేచాయి. చేనుగల ఆసామి మంద కట్టమని కబురు పెట్టాడు. గొర్రెలకు మేత, చేనుకు ఎరువు. చిన్నాయన ఎగిరి గంతేశాడు.

మధ్యాహ్నం గంజికుండ నెత్తిన పెట్టుకుని అమ్మ, వెనకాలే నేను ఆ చేను దగ్గరికి వెళ్ళాం. మంద ఇంకా రాలేదు. అమ్మ వంగి ఒక పిలక తుంచింది. మోకాలెత్తు కూడా లేదు, కొన వాడిపోయి ఉంది. దాన్ని దూరంగా విసిరేసింది.

"పాపా... ఇది విషం" అంది.

అమ్మ పుట్టింటి మంద సగం, ఇలా నీళ్ళు చాలక గిడసబారిన జొన్న పిలకలు తిని ఒక్క పూటలో పోయిందట.

అంతలో దారి మీద దుమ్ము లేచింది. చిన్నాయన, వెనక మంద. పచ్చ కనబడగానే గొర్రెలు నడక మాని పరుగందుకున్నాయి. ముళ్ళకంచెకు ఒకటే సందు, బండి పట్టేంత. అమ్మ కుండను అక్కడే పడేసింది, గంజంతా మట్టిపాలు. ఎదురు పరుగెత్తి చిన్నాయన చేతిలో దోటి లాక్కుంది! సందుకు అడ్డంగా కొనను కంచెలో దూర్చి, నా చేతిని వెదురు మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కింది.

"వదినె, జరుగు! మంద ముందర ఆడది నిలబడేదా? ఊరే నవ్వుతుంది!"

"నవ్వనీ. ఈ పిలక తింటే మందే ఉండదు."

"ఆకలికి చస్తా ఉండాయి, కండ్లు లేవా నీకు?"

"ఆకలికైతే నాలుగు దినాలు పడుతుంది అప్పా. దీనికి ఇప్పుడే చస్తాయి!"

గొర్రెలు మా మోకాళ్ళ మీద పడి తోస్తున్నాయి. వెదురు వంగుతోంది. అప్పుడు మందలోంచి చుక్కి వచ్చింది... తల్లి చస్తే నేను సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె, నుదుటి మీద తెల్ల మచ్చ. నన్ను చూసే పరుగెత్తుకొచ్చింది. వచ్చి నా కాళ్ళ పక్కనుంచి, దోటి కింద నుంచి దూరి చేలోకి పోయింది.

"అమ్మా, చుక్కి!" అని అరిచాను. చెయ్యి పీక్కోబోయాను. అమ్మ వదల్లేదు.

"కదిలితే అన్నీ పోతాయి పాపా... నిలబడు."

నిలబడ్డాను. చుక్కి మేస్తుంటే చూస్తూ నిలబడ్డాను. పిలుస్తూనే ఉన్నాను. నేను పిలిస్తే రాని రోజు లేదు దానికి. ఆ రోజు రాలేదు... ఆకలి మరి. కాసేపటికి తల పైకెత్తి రొప్పింది. నోట్లో నురగ. ముందుకాళ్ళు మడిచి పడిపోయింది. కొంతసేపు కొట్టుకుంది, ఆగిపోయింది.

చిన్నాయన తుండు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత మందను వెనక్కి మళ్ళించాడు. ఆ సాయంత్రం అటక మీది మూటలు దించిందీ ఆయనే. మళ్ళీ వాన పడేదాకా ఆ తుమ్మకాయలే మందను నిలబెట్టాయి. ఆపైన కొత్త చేనైతే "వదినె, చూసి చెప్పు" అనకుండా కాలు పెట్టేవాడు కాదు.

నేను మాత్రం అమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు. రాక్షసి అనుకున్నాను. పెళ్ళయ్యాక కూడా ఆ కోపం కాస్త మిగిలే ఉంది, దాచడమెందుకు!

ఇప్పుడు దోటి మా తమ్ముడి భార్య చేతిలో ఉంది. మంద ముందర తనే నడుస్తుంది, ఎవరూ నవ్వరు. వాన ఏ నెలలో వస్తుందో తెలియని కాలం కదా... ఊళ్ళో ఆడవాళ్ళంతా కలిసి కాయలు ఏరి దాస్తున్నారు. కొత్త చేనైతే ఫోటో తీసి పంపుతుంది, "అత్తా, విడవచ్చునా?" అని. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఇప్పుడు వద్దు, ముదిరి విషం తగ్గనీ, కంకి తీసినాక చూస్తాం" అంటుంది.

మొన్న తళవాయిపురం బస్సు కోసం ఇద్దరం నిలబడి ఉంటే అడిగేశాను... "ఆ పొద్దు నా చెయ్యి ఎందుకమ్మా అంత గట్టిగా పట్టుకొంటివి?"

అమ్మ నా వైపు చూడలేదు. "నిన్ను ఆపేదానికి అనుకొన్నావా? నువ్వు ఒక్క మాటకు నిలిచే బిడ్డవి. చుక్కి వెనకాల నేను పరుగెత్తకుండా ఉండేదానికి పట్టుకొంటిని."

గంజికుండ పగిలిన చోట ఇప్పుడు మిల్లు గోడ ఉంది. బీళ్ళలో సగం ఇంటిస్థలాలు అయిపోయాయి. మీ ఇంట్లోనూ ఇలా అడ్డం నిలబడి తిట్లు తిన్న అమ్మో, అవ్వో ఉంటే ఆమె కథను ఇక్కడ కింద రాయండి... కాదు, ముందు ఆమెనే అడగండి. నేను అడిగేసరికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.