రెండో గేరు దగ్గర కుదుపు

2022 వేసవి. అమలాపురంలో కాలువ పక్క రోడ్డు మీద నా షెడ్డు. ముప్పై ఏళ్ల పైనుంచి అక్కడే కార్లు బాగుచేస్తున్నాను. మొదట్లో టాక్సీలు వచ్చేవి, తర్వాత కొబ్బరి వ్యాపారస్తుల జీపులు, ఇప్పుడు రొయ్యల చెరువుల వాళ్ల పెద్దపెద్ద బళ్లు. రిపేర్లు కాక నాకు ఇంకో పని ఉంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు కొనేముందు నన్ను వెంట తీసుకెళ్తారు, పెళ్లిచూపులకి ఇంటిపెద్దని తీసుకెళ్లినట్టు. దాన్ని మేం ఇన్‌స్పెక్షన్ అంటాం. ఇంజన్ చప్పుడు వినాలి, కింద దూరి ఎక్కడైనా ఆయిలు కారుతోందేమో చూడాలి, స్కానర్ తగిలించి బండిలోని కంప్యూటర్ ఏమేం తప్పులు రాసుకుందో చదవాలి. చివర్లో ఓ పది కిలోమీటర్లు నడిపి, బాగుంది అనో వద్దు అనో ఒక్క మాట చెప్పాలి. ఇన్నేళ్లలో ఆ మాట నేను ఒక్కసారే తప్పు చెప్పాను. తెలియక చెప్పింది కాదు గనకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆ కుర్రాడి పేరు ప్రసాదు. రాజోలు దగ్గర గోదావరి లంకల్లో వాళ్ల ఊరు. అప్పటికి ఇరవయ్యారేళ్లు. తాటిపాకలో కాంట్రాక్టు పనుల దగ్గర వెల్డింగు నేర్చుకుని, పరీక్ష పాసై, కతార్ వెళ్లి గ్యాసు పైపులు అతికేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు, జీతం బాగానే వచ్చేది. నలభై రోజుల సెలవు మీద వచ్చి, తిన్నగా నా షెడ్డుకొచ్చి, ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. ముదురు నీలం రంగు స్పోర్ట్స్ కారు. రెండే తలుపులు, నేలకి కరుచుకున్నట్టుంది.

"విశాఖపట్నంలో ఉందండి బాబాయ్ గారూ. తొమ్మిదేళ్ల బండండి. పదిహేడు లక్షలంటున్నారండి. మీరొచ్చి ఓసారి చూడాలండి."

"పదిహేడు లక్షలు పోసి ఇద్దరు కూర్చునే బండా? రేపు పిల్లనిచ్చే మావగారొస్తే ఎక్కడ కూర్చోబెడతావు?"

"ముందు పిల్ల కూర్చోవాలి కదండీ" అని నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించుకుని చెప్పాడు. "అక్కడ మమ్మల్ని పనికి బస్సులో తీసుకెళ్తారండి. దారిలో ఓ సిగ్నల్ దగ్గర రోజూ ఇలాంటిదే మా పక్కన ఆగేదండి. నడిపేవాడిదీ నాదీ ఒకటే వయసండి. పచ్చ లైటు పడితే వాడు ముందుకెళ్లిపోయేవాడండి, నేను పైనుంచి చూసేవాణ్ణండి. మూడేళ్లు చూసేనండి."

డబ్బు సంగతి అడిగాను. ఏడు లక్షలు దాచుకున్నాడు. ఇంకో ఏడు పర్సనల్ లోను, అంటే ఏ తాకట్టూ లేకుండా జీతం చూసి ఇచ్చే అప్పు. దానికి నెలకి పంతొమ్మిది వేల చిల్లర, నాలుగేళ్లు. మిగతా మూడూ వాళ్ల వదిన గారి పన్నెండు కాసుల బంగారం బ్యాంకులో పెట్టి తెచ్చాడు.

"అప్పు చేసి పప్పుకూడు అన్నారు. నువ్వు ఏకంగా విందుభోజనమే పెట్టించావు" అన్నాను.

"వదిన గారిని నేనడగలేదండి. ఆవిడే పెట్టె తీసి చేతిలో పెట్టేరండి. రెండేళ్లలో విడిపిస్తానని మాటిచ్చేనండి. ఆ మాటొక్కటీ తప్పకూడదండి."

ఆ మాట నేను శ్రద్ధగానే విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

విశాఖపట్నంలో ఆ బండిని దగ్గరగా చూశాక నా సంగతి నాకు తెలిసింది. బానెట్ ఎత్తి ఓ పావుగంట అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లూ ఊళ్లో వాళ్ల బురద బళ్లు కడుగుతూ, ఎడ్లబండిలా వాడిన జీపుల్ని అతుకులేస్తూ బతికాను. అలాంటి ఇంజన్ పుస్తకాల్లో చూశానే గాని, నా స్పానరు దాన్ని ముట్టుకోలేదు. స్కానర్ ఏ తప్పూ చూపించలేదు, కింద ఆయిలు చుక్క లేదు. ప్రసాదుని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డు రోడ్డు మీద నడిపాను. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి, బండి బాగా వేడెక్కాక, రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు చిన్న కుదుపు వచ్చింది. మళ్లీ చూశాను. మళ్లీ వచ్చింది.

ఆ బండిది డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు. లోపల రెండు క్లచ్‌లుంటాయి. ఒకటి ఈ గేరు నడిపిస్తుంటే, రెండోది తర్వాతి గేరు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది. అందుకే మారినట్టు కూడా తెలియదు. తెలిసిందంటే లోపల అరుగుదల మొదలైందని అర్థం. ఏడాదో రెండేళ్లో నడుస్తుంది. తర్వాత మూడు మూడున్నర లక్షల ఖర్చు. ఇంకే బండైనా అయితే అక్కడే ఆపి, వద్దు పద అనేవాణ్ణి. కాని వద్దంటే ఆ బండి ఇంకెవరి షెడ్డుకో వెళ్లిపోతుంది. నా షెడ్డుకి రావాలనిపించింది. ఆయిలు మారిస్తే పోతుందేమోలే అని నాకు నేనే చెప్పుకున్నాను.

"ఏమంటారండి?" అన్నాడు ప్రసాదు.

"బండి బాగుంది" అన్నాను.

బండి కొన్నాక ప్రసాదు ముందు అప్పనపల్లి గుడికి తీసుకెళ్లి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పూజ చేయించాడు. అక్కణ్ణుంచి ఇంటికి. నేనూ వెంట వెళ్లాను. కతార్‌లో ఉండగానే ఫోన్లో అన్నగారికి చెప్పి వాకిలి కొలిపించుకున్నాడు, కొట్టం కొలిపించుకున్నాడు, గేటు వెడల్పు కూడా కొలిపించుకున్నాడు. వాళ్లింటికి ముందున్న కాలువ మీద వంతెన మాత్రం కొలిపించలేదు. పుట్టిన దగ్గర్నుంచి దాటుతున్న వంతెన, దాన్ని ఎవరు కొలుస్తారు? పాతకాలం వంతెన, నడుమ ఎద్దు మూపురంలా లేచి ఉంటుంది. ఈ బండి గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి పొట్టకీ మధ్య ఎడం, బెత్తెడు. ముందు చక్రాలు ఎక్కాయి, పొట్ట ఆనుకుంది, గీరుకున్న చప్పుడు వాళ్ల అరుగు దాకా వినిపించింది.

వెనక్కి దింపాం. ప్రసాదు మొహం చూడలేకపోయాను. ఇంతలో వాళ్ల వదిన గారు హారతి పళ్లెం పట్టుకుని వంతెన దాటి నడిచొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది.

"ఏం పర్లేదు ప్రసాదూ. అది రాకపోతే మనమే దాని దగ్గరికొస్తాం" అని దిష్టి తీసి, తలుపు మీద పడ్డ మట్టి కొంగుతో తుడిచింది. ఒకసారి కూర్చోండని ప్రసాదు ఎంత బతిమాలినా, "ముందు నీకు ముచ్చట తీరనీ" అంది.

అలా బండి నా షెడ్డుకి చేరింది. సెలవు అయిపోయి ప్రసాదు వెళ్లిపోయాడు. నిలబెట్టేస్తే బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు ఒకేచోట నొక్కుకుపోతాయి. వారానికోసారి ఓ పాతిక కిలోమీటర్లు తిప్పమని, పెట్రోలు డబ్బులు తనే పంపేవాడు. శుక్రవారం వాళ్లకి సెలవు. ఆ పొద్దున్న ఫోన్ చేసేవాడు.

"ఓసారి స్టార్ట్ చేయండి బాబాయ్ గారూ."

ఫోన్ బానెట్ మీద పెట్టి స్టార్ట్ చేసేవాణ్ణి. అయిదు నిమిషాలు వినేవాడు, మాట్లాడేవాడు కాదు. "చాలండి, ఉంటానండి" అని పెట్టేసేవాడు. తర్వాత నేను బండి తీసుకుని సముద్రం వేపు వెళ్లేవాణ్ణి. నిజం చెబుతున్నాను, వారమంతా ఆ గంట కోసం ఎదురుచూసేవాణ్ణి. "శుక్రవారం చొక్కాకి మాత్రం ఇస్త్రీ కావాలి మా ఆయనకి" అని మా ఆవిడ వీధిలో అందరికీ చెప్పింది.

మరుసటి ఏడు ప్రసాదు సెలవుకి రాలేదు. రాకపోతే టికెట్టు డబ్బులు చేతికిస్తారట. వాయిదా కట్టి, బండికి ఇన్సూరెన్సు కట్టి, ఇంటికి పంపాక బంగారానికని మిగిలేది ఏమీ లేదు. పైగా ఓవర్‌టైము ఆపేశారు. బంగారం మీద వడ్డీ కట్టి తిరగరాయించడమే గాని, అసలు కదల్లేదు. తాడిచెట్టెక్కేవాణ్ణి ఎంతదాకా ఎగదోస్తాం అంటారు. నేను ఎగదోసింది చాలక, పైకెక్కినవాణ్ణి కింద నిలబడి చూస్తున్నాను.

రెండేళ్లు దగ్గరపడుతుండగా ఓ శుక్రవారం ఫోన్ చేసి, స్టార్ట్ చేయమనలేదు.

"మొన్న చుట్టాల పెళ్లికి వదిన గారు గిల్టు నగలు పెట్టుకెళ్లేరటండి. అన్నయ్య నోరు జారి చెప్పేడండి. ఆవిడైతే చెప్పరండి." తర్వాత అసలు సంగతికొచ్చాడు. "బండి పూర్తిగా బాగుంటే ఇంకో ఏడాది ఎలాగో లాగుతానండి. ఆవిణ్ణి ఇంకో ఏడాది ఆగమని అడుగుతానండి. లేకపోతే అమ్మేస్తానండి. మీరు చెప్పండి, ఎలా ఉందండి బండి?"

అప్పటికి ఆ కుదుపు బాగా పెరిగింది. ముందువారమే గేర్‌బాక్సు లైటు వెలిగింది. ఇంకో ఏడాదంటే వదిన గారి మెడ బోసిగా ఉంచి, చచ్చిపోతున్న బండిని మేపడమే. బాగుంది అన్న ఒక్క మాటతో ఆ శుక్రవారాలు ఇంకొన్నాళ్లు నావే అయ్యేవి. ఆ ఆలోచన కూడా వచ్చింది, దాచను.

"అమ్మెయ్యి ప్రసాదూ. గేర్‌బాక్సు పోతోంది. ఇది ఇప్పుడొచ్చిన జబ్బు కాదు. విశాఖపట్నంలో చూసిన రోజే నాకు తెలుసు. చెప్పలేదు."

ప్రసాదు కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది.

"రెండో గేరు నుంచి మూడో గేరు పడేటప్పుడు కదండీ" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"నేను పక్క సీట్లోనే ఉన్నానండి. నా నడుముకి తెలిసిందండి. మీరు వద్దంటారని భయపడి మీ మొహమే చూస్తా కూర్చున్నానండి. మీరు బాగుంది అన్నారండి. ఇంక నాకేం తెలీలేదనుకున్నానండి."

మరమ్మతుకి నా వంతు డబ్బు వేసుకుంటానని తర్వాత చెప్పాను. "మీరు కొనమన్లేదండి, బాగుంది అన్నారండి, అంతేనండి" అని ఒప్పుకోలేదు.

2024 వేసవిలో వచ్చాడు. రావులపాలెంలో రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన కొంటానన్నాడు. అమలాపురం నుంచి ప్రసాదు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. దారిలో నలభై దాటించలేదు. తొందరగా వెళ్తే తొందరగా అయిపోతుందని కాబోలు. ఆయన బండి చుట్టూ తిరిగి మెచ్చుకుంటుంటే, ప్రసాదే ముందుగా చెప్పాడు. "గేర్‌బాక్సు పనుందండి. వేడెక్కితే కుదుపొస్తుందండి. లైటు కూడా వెలుగుతోందండి." ఆయన బేరం ఒక్కసారి కిందికి దింపాడు. తొమ్మిది లక్షల చిల్లర దగ్గర తెగింది.

ఆ డబ్బుతో బంగారం వచ్చింది, లోనూ తీరింది. ఎడారిలో మూడేళ్లు దాచుకున్న ఏడు లక్షల్లో రెండు లక్షలు మిగిలాయి. ఇచ్చిన మాట మటుకు తప్పలేదు. సరిగ్గా రెండేళ్లకి ఆ పెట్టె వదిన గారి చేతిలో పెట్టాడు.

కాని నేను చెప్పాల్సింది రావులపాలెం సంగతి. కాగితాల్లో రాయడానికి మీటరు అంకె చదవమన్నారు. ప్రసాదు వంగి చదివి, కొన్నరోజు అంకె గుర్తు చేసుకుని, అందులోంచి తీసేశాడు. రెండేళ్లలో మూడువేల చిల్లర కిలోమీటర్లు తిరిగింది. అందులో అతను నడిపింది, ఆ రోజుతో కలిపి, ఆరువందల యాభై.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కొత్తపేట దాటాక నా వేపు తిరిగాడు.

"బాబాయ్ గారూ, ఆ సముద్రం వేపు రోడ్డు మీద ఎలా వెళ్లేదండి?"

ఏదో మామూలుగా వెళ్లేదని సర్దేద్దామనుకున్నాను. కాని అతనికి ఇంకో అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. అంతా చెప్పాను. మలుపుల్లో అది రోడ్డుని ఎలా పట్టుకునేదో, సరుగుడు తోటలు దాటాక ఉప్పుగాలి లోపలికి ఎలా వచ్చేదో, ఖాళీ రోడ్డు మీద ఒక్కసారి నొక్కితే వీపు సీటుకి ఎలా అంటుకుపోయేదో చెప్పాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో నేను ఆగితే, "ఆయ్, తర్వాతండి" అన్నాడు. అమలాపురం వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బానెట్ ఎత్తగానే నాకు మనసైన బండి అయితే నేను ఇన్‌స్పెక్షన్ చెయ్యను, ఇంకో మెకానిక్ దగ్గరికి పంపించేస్తాను. వచ్చినవాళ్లు వింతగా చూస్తారు, ఫీజు పోతుంది, పోనీ అనుకుంటాను. బండి బాగుందా అని అడిగేవాడు నా ముచ్చట అడగడం లేదు, తన నెలజీతం గురించి అడుగుతున్నాడు. ఆ రోజు విశాఖపట్నంలో ఆ బండి మీద ఆశపడ్డవాళ్లం ఇద్దరం. వాయిదాలు కట్టినవాడు ప్రసాదు. నడుపుకున్నవాణ్ణి నేను.